లక్ష్మీదేవి గుటకలు

సత్తెనపల్లిలో మా మేనల్లుడి ఇంటికి లక్ష్మీదేవి ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి వస్తుంది. నడిచి రాదు, గజ్జెల చప్పుడు అంతకన్నా లేదు. గుటకలు మింగుతూ వస్తుంది. గుడగుడమని మొదలై, జుర్రుమని సాగి, బ్రేవుమని ఒక త్రేన్పుతో ముగిసి, ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా మళ్ళీ గుడగుడమంటుంది. కూల్‌డ్రింకు అయిపోయాక కూడా గ్లాసు అడుగున స్ట్రా పెట్టి పీల్చేవాళ్ళను మీరు చూసే ఉంటారు. అలాంటివాడొకడు మీ హాల్లో ఈశాన్యం మూల కూర్చుని పొద్దస్తమానం అదే పని చేస్తుంటే, మీరు వాణ్ని మర్యాదగా లేపి బయటికి పంపుతారు. మావాళ్ళు వాడికి పసుపూ కుంకుమా పెట్టారు.

నేను ఆ ఇంటికి వెళ్ళింది ఆ వైభవం చూడ్డానికి కాదు, మా అక్క కోసం. అక్కకి గుంటూరులో థైరాయిడ్ గడ్డ తీశారు. గడ్డ ప్రమాదం లేనిదే, ఆపరేషనూ బాగానే జరిగింది. కానీ గొంతుకి వెళ్ళే నరం ఒకటి దెబ్బతిని, స్వరతంత్రుల్లో ఒకటి కదలడం మానేసింది. రెండు రెక్కల తలుపులో ఒక రెక్క మూసుకోకుండా ఉండిపోయినట్టు. మాట్లాడబోతే మాటకన్నా ముందు గాలి బయటికి పోతుంది. మిగిలిన కాస్త గాలిమీద మాట కూర్చుని, గుమ్మం దాటకముందే కింద పడిపోతుంది.

ఆ గొంతు ఒకప్పుడు ఎలాంటిదో ఆ చుట్టుపక్కల పొలాలున్న వాళ్ళందరికీ తెలుసు. బావ పోయాక సేద్యం అంతా తనే చూసుకుంది. మిరప కోతల్లో గట్టుమీద నిలబడి ఒక్క కేక వేస్తే అటు చివర సాలులో వంగి కాయలు కోస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవాళ్ళు. పక్క చేలో కూలీలు కూడా ఉలిక్కిపడి పని మొదలుపెట్టేవాళ్ళని ఊళ్ళో ఎగతాళి. ఆ మనిషి ఇప్పుడు మంచినీళ్ళడగాలంటే ఎదుటివాడి చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాలి.

ఆసుపత్రిలో గొంతు సాధన చేయించే అమ్మాయి చాలా స్పష్టంగా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"గట్టిగా మాట్లాడాలని గొంతు బిగించకండమ్మా. గుసగుసలూ వద్దు. ఎదురుగా కూర్చున్న మనిషికి వినబడేంత చాలు. కానీ రోజూ మాట్లాడాలి. ఈ కొద్ది నెలలే గొంతు దారికొచ్చే సమయం. బిగించి అరిచారా, ఉన్నది కూడా పాడవుతుంది. మాట్లాడ్డం మానేశారా, ఇక ఇంతే." తర్వాత మా మేనల్లుడి వైపు తిరిగింది. "ఇంట్లో చప్పుడు లేకుండా చూడండి సార్. టీవీ కట్టేయండి."

మావాళ్ళు చెప్పిన మాట వినే రకం. టీవీ కట్టేశారు. కోడలు తన సీరియళ్ళను చెవుల్లో పెట్టుకుని ఫోనులో చూడ్డం నేర్చుకుంది. మిక్సీ పెరట్లోకి వెళ్ళింది. కుక్కరు విజిలు వేయబోతుంటే తనే వంటింట్లోకి పరుగెత్తి స్టౌ కట్టేసేది. వీధిలో కూరగాయల బండివాణ్ని మైకు పెట్టొద్దని బతిమాలారు. వాడు కూడా ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది ఈశాన్యం మూల గొట్టం. దాని జోలికి ఎవరూ పోలేదు. ఎందుకంటే వాళ్ళ లెక్కలో అది చప్పుడు కాదు.

ఆ గొట్టం ఉన్న అద్దాల తొట్టి వచ్చిన కథ చెప్పాలి. అంతకుముందు సంవత్సరం మిరపకి నల్ల తామరపురుగు పడింది. పూత పూతంతా ముడుచుకుపోయింది. మావాడు వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్ళాడు. మరుసటి ఏడు ఆయన చెప్పిన విత్తనం వేశాడు, చెప్పిన వేళకి మందు కొట్టాడు, చేలో నీలం రంగు జిగురు అట్టలు కట్టాడు. అంతా సవ్యంగానే చేశాడు. చేసి, ఎందుకైనా మంచిదని ఒక వాస్తు సిద్ధాంతిని కూడా పిలిచాడు. ఆయన ఇల్లంతా తిరిగి, ఈశాన్యం ఎండిపోయి ఉందని తేల్చాడు. అక్కడ కదిలే జలం ఉండాలన్నాడు. ఉంటే చాలదు, అది వినబడాలన్నాడు. వినబడకపోతే లక్ష్మికి ఇంటి దారి తెలియదట. పోస్టుమానుకైనా ఇంటి నంబరు చాలు. మావాడు వెంటనే గుంటూరు నుంచి తొట్టీ, చేపా తెప్పించి ఆ మూల పెట్టించాడు.

ఆ ఏడు పంట బాగా వచ్చింది. మందు డబ్బాలు పాతసామానుల వాడికి పోయాయి, పేరు చేపకి వచ్చింది.

చేప అన్నాను, చేపలు అనలేదు. మంచం పొడవున్న ఆ అద్దాల తొట్టిలో ఉన్నది ఒకే ఒక్క చేప. నుదుటిమీద బుడిపె ఉన్న ఎర్రటి చేప. బుడిపె ఎంత పెరిగితే అదృష్టం అంత పెరుగుతుందని అమ్మినవాడు చెప్పాడట. ఇంకో చేపని వేస్తే కొరికి చంపుతుంది. ఒక్కతే ఉండి, తిండి పెట్టిన చేతినే కరవబోతుంది. ఇంతటి స్వభావం ఉన్న ప్రాణిని అదృష్టదేవతగా ఎంచుకోవడంలో మాత్రం మనవాళ్ళ లోకజ్ఞానం నాకు కనిపించింది.

ఇక గొట్టం. పై తొట్టిలో నీళ్ళు నిండి, ఒక మూల దువ్వెన పళ్ళలాంటి సందుల్లోంచి చిన్న అద్దాల గదిలోకి పొర్లుతాయి. ఆ గదిలో నిలబెట్టిన గొట్టంలోంచి కింద చెక్క బీరువాలో దాచిన ఇంకో తొట్టిలోకి పడతాయి. అక్కడ మురికి వడగట్టుకుని, మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. పద్ధతి మంచిదే. కానీ దిగే గొట్టం పైన బార్లా తెరిచి ఉంది. వచ్చే నీళ్ళు దాని మూతిని నింపలేవు, వదిలిపెట్టనూ లేవు. నీళ్ళతో పాటు గాలిని కూడా మింగుతుంది. కాసేపు మూతి మూసుకుని జుర్రున లాగుతుంది, నీటిమట్టం పడిపోయి గాలి దూరగానే త్రేనుస్తుంది, మళ్ళీ నిండుతుంది. అంతే దాని మహత్యం. హాలంతా మార్టూరు నుంచి తెచ్చిన గ్రానైటు పరిచి, గోడలకి సగం ఎత్తువరకూ అదే రాయి ఎక్కించారు. అద్దంలా మెరుస్తుంది. చప్పుడు ఇంకడానికి ఆ హాల్లో ఒక గుడ్డపీలిక కూడా లేదు. ప్రతి గుటకా నాలుగు గోడలకీ తగిలి మళ్ళీ మన చెవికే వస్తుంది.

నేను వెళ్ళిన మొదటి రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. బల్ల ఆ తొట్టి పక్కనే. అక్క కోడలి వైపు తిరిగి మజ్జిగ అడిగింది. కోడలు "అలాగే అత్తయ్యా" అని పచ్చడి వేసింది. అక్క తల అడ్డంగా ఊపి మళ్ళీ అడిగింది. ఈసారి మావాడు "నువ్వుండవే, నాకు తెలుసు" అని పప్పు వడ్డించాడు. అక్క గొంతు నరాలు బిగించి మూడోసారి అడిగింది. ఆ మాట సరిగ్గా త్రేన్పు కింద పడింది. మేం ముగ్గురం ఆమె మూతి వైపే చూస్తున్నాం, ఏదో మూకీ సినిమా చూస్తున్నట్టు. అక్క లేచి వెళ్ళి మజ్జిగ గిన్నె తనే తెచ్చుకుంది. కోడలు నవ్వేసింది. అందరూ నవ్వారు. అందులో చెడ్డతనం ఏమీ లేదు.

మర్నాటి నుంచి అక్క ఏది కావాలన్నా గ్లాసు మీద చెంచాతో కొట్టి, వేలితో చూపించడం మొదలుపెట్టింది. మావాడికి ఇది బాగా నచ్చింది.

"చూశావా మావయ్యా, అమ్మ ఎంత తెలివిగా సర్దుకుపోయిందో! బజారు నుంచి ఒక బెల్లు తెచ్చిపెడతా."

"ఏరా, మీ అమ్మ మనిషా, హోటలు బల్లా? బెల్లు కొట్టేది మాట్లాడలేనివాళ్ళు. ఆమెని మాట్లాడించమని కదరా డాక్టరు చెప్పింది!"

"మాట్లాడొద్దని ఎవరన్నారు? మాట్లాడమనే చెప్తున్నా."

"ఎవరికి వినబడుతుందని మాట్లాడాలి? ఆ గొట్టం నోరు ముందు మూయించు."

వాడి మొహం మారిపోయింది. లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు, నా మాట లక్ష్మికి బయటినుంచి వినబడుతుందేమో అన్నట్టు.

"అది ఆపకూడదు మావయ్యా. ఆ చప్పుడు కోసమే కదా పెట్టింది."

"చప్పుడే కావాలంటే పండగల్లో డప్పులు వాయించేవాళ్ళని పిలవరా. వాళ్ళు సాయంత్రానికి ఇంటికి పోతారు."

"నీకు అన్నీ ఎగతాళే."

నిజమే, నాకు ఎగతాళే. కానీ వాడు అమ్మని ప్రేమించని కొడుకు కాదు. ఆపరేషనప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చినవాడు. అదే నాకు మరీ మండేది. అమ్మ కోసం టీవీ మానేస్తాడు, కూరగాయల బండివాణ్ని బతిమాలతాడు, గుంటూరుకి ఎన్నిసార్లయినా కారు తీస్తాడు. గొట్టానికి ఒక మూత పెట్టడు. మంచివాడి బుద్ధిలో మూఢనమ్మకం దూరితే అంత తొందరగా పోదు. చెడ్డవాడికైతే కనీసం లాభం చూపించి మార్చవచ్చు.

ఒకరోజు మావాడు మిర్చియార్డుకి వెళ్ళినప్పుడు నేనే మోటారు స్విచ్చి కట్టేశాను. హాలు ఒక్కసారిగా ఎంత పెద్దదయిందో చెప్పలేను. గోడ గడియారం వినబడింది. అక్క నా వైపు చూసి, "అమ్మయ్య" అంది. ఆ మాట నేను బల్లకి ఇటువైపు కూర్చుని విన్నాను. దగ్గరికి వంగలేదు. తర్వాత మేమిద్దరం హాయిగా చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎక్కువగా మా చిన్నతనంలో ఆమె నన్ను కొట్టిన సందర్భాల గురించి. ఆమె మరిచిపోయినవి నేను గుర్తుచేశాను, నేను మరిచిపోయినవి ఆమె సగర్వంగా గుర్తుచేసింది. కానీ మోటారు ఆగితే చేపకి గాలి అందదు, నీళ్ళు పాడవుతాయి. అది సిద్ధాంతి మాట కాదు, నిజం. పొగరుబోతు చేపే అయినా ఊపిరాడక చావాలని నేను కోరుకోను. మళ్ళీ వేశాను. గుడగుడ. అక్క నోరు మూసుకుంది.

నేను పట్టు వదలకపోయేసరికి మావాడు తొట్టి అమ్మినవాణ్ని గుంటూరు నుంచి పిలిపించాడు. ఆయన గొట్టం మూతిలో ఇంత స్పాంజి ముక్క కుక్కి, "సైలెన్సరండీ" అన్నాడు. కొంచెం తగ్గింది. మావాడు కూడా ఏమీ అనలేదు, పూర్తిగా ఆగలేదు కాబట్టి. కొద్దిరోజుల్లోనే చేప మలమూ, తిండి పొట్టూ స్పాంజికి పట్టి గొట్టం మూసుకుపోయింది. పై తొట్టి నిండి పొర్లింది. మేం పెరట్లోంచి వచ్చేసరికి గ్రానైటు మీద నీళ్ళు నిలబడి, సోఫా కాళ్ళు తడిసి, కోడలి చెప్పు ఒకటి వీధి గుమ్మం వైపు తేలుతూ పోతోంది. మావాడు వెంటనే సిద్ధాంతికి ఫోను చేశాడు. ఆయన ఏమన్నాడో చెప్పనా? పాలు పొంగితే శుభం కదా, ఇదీ అంతే, లక్ష్మి పొంగింది అన్నాడు. కోడలు ఒక చేత్తో నీళ్ళు తుడుస్తూ, ఇంకో చేత్తో గుమ్మానికి పసుపు రాసింది. స్పాంజి తీసేశారు. గుటకలు మళ్ళీ నిండుగా మొదలయ్యాయి.

ఆ వారమే కోడలు ఆ గుడగుడని ఫోనులో రికార్డు చేసి తమ ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. కళ్ళు మూసుకుని వింటే ఓంకారం వినిపిస్తోందని ఎవరో రాశారు. అంతే. సాయంత్రాలు వీధిలో ఆడవాళ్ళు వచ్చి సోఫాలో కూర్చుని, కళ్ళు మూసుకుని గొట్టం వినడం మొదలుపెట్టారు. పక్కింట్లో ఉండే టీచరుగారు కూడా వచ్చింది. ఆవిడ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, నోరు మాత్రం మా అక్క నోటికి సరిజోడు. కాసేపు శ్రద్ధగా విని, "మాకైతే స్తోత్రం, స్తోత్రం అని వినబడుతోంది వదినా. మా పాస్టరుగారిని తీసుకురమ్మంటావా? ఇద్దరం వంతులేసుకుని విందాం" అంది కోడలితో. ఆవిడ హాస్యానికి అందో, సగం నిజంగానే అందో నేను తేల్చుకోలేకపోయాను. కోడలు మాత్రం కాస్త కంగారుపడింది. గొట్టం మతం మారుతుందేమోనని కాబోలు.

"మీకేం వినబడుతోంది బాబాయిగారూ?" అని టీచరుగారు నన్నడిగింది.

"గాలి, గాలి అంటోందమ్మా."

అక్క నవ్వింది. భుజాలు కదిలాయి, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, నవ్వు మాత్రం ఎవరికీ వినబడలేదు. అంతమంది కళ్ళు మూసుకుని చెవులు రిక్కించి కూర్చున్న హాల్లో.

ఆ మర్నాడు మావాడు నన్ను బండిమీద చేనుకి తీసుకెళ్ళాడు. కుంటలోంచి నీళ్ళు తోడే మోటారు, దాన్నుంచి మిరప సాళ్ళకి డ్రిప్పు పైపులు. మోటారు వేశాడు. పైపు గుడగుడమంది, జుర్రుమంది, ఒక త్రేన్పు త్రేన్చింది. నేను ఇంకా ఆనందించడం మొదలుపెట్టకముందే వాడు పరుగెత్తి మోటారు కట్టేశాడు.

"గాలి లాగుతోంది మావయ్యా. ఎక్కడో జాయింటు వదిలింది."

"ఎలా చెప్పావురా?"

"వినబళ్ళా? పైపు మాట్లాడిందంటే లోపల గాలి దూరినట్టే. నిండా నీళ్ళు పారే పైపుకి నోరుండదు."

ఈ మాట నేను చెప్పి ఉంటే ఉపన్యాసం అనేవాడు. వాడు కుంట గట్టు దిగి, జాయింటు వెతికి, పాత సైకిలు ట్యూబు ముక్క లాగి బిగించి చుట్టాడు. మళ్ళీ మోటారు వేస్తే పైపు మూగదైపోయింది. అటు చివర సాళ్ళలో నీళ్ళు ఒద్దికగా కారుతున్నాయి.

"మరి మీ ఇంట్లో పైపు మాట్లాడుతోందేంట్రా?"

"అది వేరు."

"ఏం వేరు? నీళ్ళు వేరా, గాలి వేరా?"

వాడు చేతులు కడుక్కుంటూ ఆలోచించాడు. నిజాయితీగానే ఆలోచించాడు.

"ఇది పొలం మావయ్యా" అన్నాడు.

నేను ఎన్నో వేదికల మీద ఎంతోమందితో వాదించాను. పండితులతో వాదించాను, గాల్లోంచి విబూది తీసేవాళ్ళతో వాదించాను. ఇలాంటి జవాబు నాకెప్పుడూ ఎదురుకాలేదు. ఇది పొలం, అది ఇల్లు. పొలంలో భౌతికశాస్త్రం చెల్లుతుంది, గుమ్మం దగ్గర చెప్పులతో పాటు దాన్నీ విడిచి లోపలికి వస్తాం. మన ప్రాంతంలో ఇది మావాడొక్కడి జబ్బు కాదు. పత్తి గింజ మొలకెత్తకపోతే కొట్టువాడి కాలరు పట్టుకుంటాం. జాతకం మొలకెత్తకపోతే మన ఖర్మ అనుకుంటాం.

అక్క ఈలోగా చెంచా కూడా మానేస్తోంది. గొంతు సాధన చేయించే అమ్మాయి ఫోను చేసి "రోజూ మాట్లాడుతున్నారా అమ్మా" అంటే, అక్క ఫోను నా చేతికిచ్చి తల ఊపేది. ఆ ఊపడం అవుననో కాదనో కూడా ఆ అమ్మాయికి తెలిసే దారి లేదు. "మీరు చెప్పండి సార్, మాట్లాడుతున్నారా?" అని నన్నడిగింది. "లేదమ్మా" అన్నాను. "వచ్చేసారి చూసినప్పుడు ఇలాగే ఉంటే కష్టం సార్" అంది.

అలాంటి సమయంలో సిద్ధాంతి స్వయంగా వచ్చాడు. తన ఈశాన్యం ఎలా ఉందో చూసుకుందామని. మంచి పట్టుపంచె, మంచి మర్యాద, నవ్వు మొహం. తొట్టి ఎదురుగా కూర్చోబెట్టి వేటపాలెం జీడిపప్పు నేతిలో వేయించి పెట్టారు. ఆయన ఒక్కొక్క పప్పే నోట్లో వేసుకుంటూ, గుటకలు వింటూ, తనూ గుటకలు వేస్తూ, "దివ్యంగా ఉంది" అన్నాడు. నన్ను చూసి, "మాస్టారూ, మీరు నమ్మరు గాని, నాదం బ్రహ్మమండీ" అన్నాడు.

"గాలి దూరిన బ్రహ్మమండీ" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. ఎదుటివాడు ఏమన్నా నవ్వగలగడం ఆ వృత్తిలో సగం పెట్టుబడి.

మా అక్క నా పక్క కుర్చీలో కూర్చుంది. అంతవరకూ మాట్లాడలేదు. ఆయన లేవబోతుంటే ముందుకి వంగి, చేతులు జోడించి, ఏదో అడిగింది. ఆయన ఆమె పెదవులు కదలడం చూశాడు. పెద్దవయసు ఆడమనిషి చేతులు జోడించి పెదవులు కదిపితే ఏమడుగుతుంది? కొడుకు బాగు, మనవల చదువు. ఆయన చెయ్యెత్తి, జీడిపప్పు నములుతూనే, "తథాస్తు తల్లీ, తథాస్తు! తొందర్లోనే" అన్నాడు.

మావాడి మొహం వెలిగిపోయింది. "అమ్మ ఏమడిగింది మావయ్యా?" అన్నాడు. పక్కనే ఉన్నాను కాబట్టి నేనొక్కణ్ణే విన్నాను.

"'నేను పోతేగానీ ఈ చప్పుడు ఆగదా అయ్యా?' అంది" అన్నాను.

గొట్టం ఒక్కటే మాట్లాడుతోంది. మావాడు తల్లి వైపు చూశాడు, సిద్ధాంతి వైపు చూశాడు. మాట్లాడకపోతే అమ్మ గొంతు ఇక ఇంతేనని ఆసుపత్రిలో చెప్తే ఇంత భయపడలేదు. నేను నెత్తీనోరూ బాదుకుంటే అసలే భయపడలేదు. ఇప్పుడు భయపడ్డాడు. సంధ్యవేళ నోరు జారితేనే పైన తిరిగే దేవతలు తథాస్తు అంటారని పెరిగినవాడు. ఇక్కడ సాక్షాత్తూ సిద్ధాంతి అన్నాడు, పైగా తొందర్లోనే అన్నాడు.

"అదేంటండీ అలా అనేశారు?" అన్నాడు మావాడు. గొంతులో మర్యాద ఇంకా ఉంది, పట్టు మాత్రం సడలింది.

సిద్ధాంతి చాలా తొందరగా ఆలోచించే మనిషి. "అబ్బెబ్బే, ప్రాణానికి కాదు బాబూ! నేను తథాస్తు అన్నది చప్పుడు ఆగడానికి. అమ్మగారి కోరిక అదే కదా" అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసిన తలుపు ఆయనే తెరిచాడు.

"అయితే చప్పుడు ఆగాలన్నమాట" అన్నాను.

"అంటే..."

"మీ వాక్కు కదండీ. తొందర్లోనే అన్నారు కూడా. ఆగకపోతే మీ మాట పొల్లుపోయినట్టు. లేదూ, మొదటి సగానికి అన్నట్టు. రెంటిలో ఏదో ఒకటి ఫలించాలి కదా. ఏ సగమో మా మేనల్లుడికి చెప్పి వెళ్ళండి."

ఆయన మిగిలిన జీడిపప్పు ముట్టుకోలేదు. "ఆపించు నాయనా" అని మావాడితో అని, వీధిలోకి దిగి చెప్పులు వేసుకున్నాడు.

మావాడు మర్నాడు పొద్దున్నే చేను దగ్గర షెడ్డులోంచి హాక్సా బ్లేడూ, గొట్టం ముక్కలూ, వంపులూ, అతికించే జిగురూ, డ్రిప్పుకి వాడగా మిగిలిన గేటువాల్వూ తెచ్చాడు. వాడికి నేను చెప్పవలసింది ఏమీ లేదు. ఆ చిన్న అద్దాల గది అడుగున రెండు రంధ్రాలున్నాయి, ఒకటి నీళ్ళు దిగడానికి, ఒకటి మోటారు గొట్టం పైకి రావడానికి. మోటారు గొట్టాన్ని అక్కణ్ణించి పీకి తొట్టి వెనకనుంచి పైకి తెచ్చాడు. ఖాళీ అయిన రంధ్రంలో దిగేందుకు రెండో గొట్టం పెట్టాడు. మొదటిదాని మూతిని వంపు పెట్టి నీళ్ళలోకి తిప్పాడు, దాని కింద గేటువాల్వు బిగించాడు. రెండోదాని మూతి కొంచెం ఎత్తులో ఉంచాడు. రెండింటి కింది కొసలూ కింద తొట్టి నీళ్ళలో కాస్త మునిగేట్టు మాత్రం కోశాడు. మరీ లోతుగా ముంచితే లోపలి గాలి బయటికి పోలేక తన్నుకుంటుందని వాడే అన్నాడు.

తర్వాత మోటారు వేసి, వాల్వు దగ్గర గొంతుక్కూర్చుని, పిసరు పిసరే తిప్పుతూ కూర్చున్నాడు. ఎక్కువ తెరిస్తే గుటక. మరీ మూస్తే పైన నీళ్ళు పెరిగి రెండో గొట్టంలోకి ధారగా పడి చప్పుడు. మధ్యలో ఒకచోట మొదటి గొట్టం నిండా నీళ్ళే పారాయి, మిగిలిన కాసిని రెండోదాని గోడని పట్టుకుని చప్పుడు లేకుండా జారాయి. గుడగుడ సన్నగిల్లింది, ఒక్కసారి ఎక్కిళ్ళు పెట్టింది, ఆగిపోయింది.

"మొదటిదానికి ఏదైనా అడ్డుపడితే నీళ్ళు రెండోదాంట్లోంచి పోతాయి. అప్పుడు చప్పుడు చేస్తుంది, మనం చూసుకోవచ్చు" అన్నాడు మావాడు నుదురు తుడుచుకుంటూ.

"అంటే చప్పుడు వస్తే లక్ష్మి వచ్చినట్టు కాదన్నమాట. చెత్త వచ్చినట్టు."

"నువ్వు ఊరుకో మావయ్యా."

సాయంత్రం సిద్ధాంతి ఫోను చేశాడు. చప్పుడు ఆగిందని విని చాలా సంతోషించాడు. ఇప్పుడు జలం అంతర్వాహిని అయిందన్నాడు, బయటికి వినబడే ప్రవాహం కన్నా అది ఇంకా శ్రేష్ఠమన్నాడు. మావాడు ఆ మాట నాకు ఎంతో ఆనందంగా చెప్పాడు. గొట్టానికి పెట్టిన కుంకుమ చెరిగిపోయిందని కోడలు వాల్వుకి పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదెక్కడి గెలుపు? నేను గాలి గురించి, నీటి గురించి, గొంతు గురించి చెప్పినవన్నీ గంగలో కలిశాయి. నోట్లో జీడిపప్పుతో అన్న ఒక తథాస్తు పని చేసింది. మూఢనమ్మకాన్ని ఇంకో మూఢనమ్మకంతో కొట్టి, చివరికి రెండింటినీ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఇదే సంగతి హాల్లో నిలబడి మావాడికి వివరంగా, ఉదాహరణలతో చెప్పడం మొదలుపెట్టాను.

"ఒరేయ్" అంది మా అక్క కుర్చీలోంచి.

ఆగాను. ముందుకి వంగకుండా, చెయ్యి పట్టుకోకుండా వచ్చిన మాట అది. బొంగురుగానే ఉంది, చివర గాలి పోయింది, కానీ వచ్చింది.

"చేప గోల వదిలింది. ఇక నీది ఆపు."

కోడలు వంటింట్లోంచి పకపకా నవ్వింది. అంటే అక్కడికి కూడా వినబడిందన్నమాట. నేను కూర్చున్నాను. వేదికల మీద అలవాటైన గొంతు కదా, ఆ రాతి హాల్లో అది కూడా నాలుగు గోడలకీ తగులుతోందని అప్పటిదాకా నాకు వినబడలేదు.

గుంటూరు ఆసుపత్రి అమ్మాయి పరీక్షించి, కదలని తంత్రి ఇంకా కదల్లేదంది, రెండోది మాత్రం సాయానికి వస్తోందంది. పాత కేక తిరిగి వస్తుందని మాటివ్వలేదు. మాట నిలబడుతుందని మాత్రం అంది. రోజూ పైకి చదవమంది, ఏదైనా సరే.

ఇప్పుడు అక్క పొద్దున్నే హాల్లో కూర్చుని పేపరు పైకి చదువుతుంది. రాజకీయాలు ఒక ముక్క చదివి, మొహం చిట్లించి పేజీ తిప్పేస్తుంది. మొన్న వెళ్ళినప్పుడు నేను పక్కన కూర్చుని, అడ్డుచెప్పకుండా వింటున్నాను. మావాడు వరండాలో చేనుకి బయల్దేరుతూ బండి తుడుచుకుంటున్నాడు. అక్క మిర్చియార్డులో రకాలవారీ ధరల దగ్గరికి వచ్చి నెమ్మదిగా చదువుతోంది. బయటినుంచి వాడి గొంతు వినబడింది.

"అమ్మా, నువ్వు చదివింది తేజాదా, బాడిగదా?"

"తేజాది."

"బాడిగ ఇవ్వలేదా?"

"ఇచ్చాడు. ఉండు, చదవనీ" అంది అక్క.